సంతకం పెట్టే ముందు ఏం అడగాలి?

ప్రశ్న: మాది పెద జాలారిపేట. చేపలు అమ్ముతాను. మా పాప గవర్నమెంటు బడిలో ఐదో తరగతి చదువుతోంది. పేరెంట్స్ కమిటీ ఎన్నికల్లో నన్ను చైర్‌పర్సన్‌ని చేశారు. మీటింగుకి వెళితే హెచ్‌ఎం గారు పుస్తకం ముందు పెట్టి ‘ఇక్కడ సంతకం పెట్టండమ్మా’ అంటారు. గ్రాంటు ఎంతొచ్చిందో, దేనికి ఖర్చయిందో మాకు తెలీదు. గట్టిగా అడిగితే పాపని ఏమైనా అంటారేమోనని టెన్షన్. దానికి తెలుగు పాఠం తడుముకోకుండా చదవడం కూడా రాదు. అసలు మా కమిటీకి ఉన్న అధికారం ఏమిటి?
— ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం అమ్మా. మీరొక్కరే హెచ్‌ఎం గదికి వెళ్లి అడిగితే అది ఫలానా పాప తల్లి అడిగిన ప్రశ్న. అదే మాట మీటింగులో అందరి ముందూ అడిగి మినిట్స్‌లో, అంటే మీటింగు రికార్డులో రాయిస్తే కమిటీ అడిగిన ప్రశ్న. హెచ్‌ఎంగా పనిచేసి రిటైరైనదాన్ని, ఈ తేడా మా వాళ్లకి బాగా తెలుసు. పిల్లని మాటలతో వేధించడం కూడా విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం తప్పే.

అదే చట్టం 21వ సెక్షన్ మీ కమిటీకి ప్రాణం. సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి ఎలా నడుస్తోందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, గ్రాంట్ల ఖర్చు గమనించడం మీ పనులు. హెచ్‌ఎం గారు కన్వీనరు. మీటింగు పిలవడం, రికార్డు రాయడం ఆయన వంతు. నిర్ణయం అందరిదీ.

డబ్బు సంగతికి వస్తే, బడుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం ఇచ్చే స్కూల్ గ్రాంటు పిల్లల సంఖ్యని బట్టి ఉంటుంది. 31 నుంచి 100 మంది ఉంటే ఏడాదికి 25 వేలు, 101 నుంచి 250 వరకూ 50 వేలు, ఆ పైన వెయ్యి మంది వరకూ 75 వేలు. అందులో కనీసం 10 శాతం శుభ్రతకి పెట్టాలి. మీ బడిలో 180 మంది ఉన్నారనుకోండి, 50 వేలలో శుభ్రత వాటా 5 వేలు. బడి నడిచే పది నెలలకి పంచితే నెలకి 500. ఫినాయిల్, చీపుర్లు, బ్లీచింగ్‌కే సరిపోతే గొప్ప! ఈ లెక్క తెలిస్తే మీ ప్రశ్నే మారిపోతుంది. ‘డబ్బేమైంది’ అని కాదు, ‘ఈ 500లో ఏం కొన్నారు, బిల్లు చూపించండి’ అని అడుగుతారు. నేను పనిచేసిన ఒక బడిలో ఆటో నడిపే ఒక తండ్రి ఫినాయిల్ బిల్లు చూసి, ‘మరి ఆడపిల్లల బాత్రూమ్‌కి తాళం ఎందుకండీ?’ అన్నాడు. ఆ సాయంత్రమే తాళం తీశారు.

హెచ్‌ఎంల తరఫున కూడా ఒక మాట. గ్రాంటు చాలాసార్లు ఆలస్యంగా పడుతుంది. అప్పటిదాకా సుద్దముక్కలకీ, బల్బులకీ చేతి డబ్బు పెట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు. కాబట్టి బిల్లు చూసి సంతకం పెట్టేయండి, నాన్చకండి. చూడకుండా మాత్రం పెట్టకండి. ఆదాయ వ్యయాల లెక్క ఏటా తయారు చేయాలని ఈ చట్టం అమలుకి కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాల్లోనే ఉంది.

ఇక అందరూ వదిలేసే కాగితం ఒకటుంది, అది అభివృద్ధి ప్రణాళిక. మూడేళ్లకి ఒకటి, అందులో ఏడాదికొకటి చొప్పున మూడు భాగాలు. తరగతి వారీగా ఎంతమంది పిల్లలు చేరతారు, ఇంకా ఎంతమంది టీచర్లు కావాలి, గదులూ నీళ్లూ ఏమేం కావాలి, దానికి ఎంత ఖర్చవుతుంది అన్నీ రాయాలి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి డిసెంబరుకల్లా రాసుకుంటే మంచిది. చాలాచోట్ల పక్క బడి ప్రణాళికనే పేరు మార్చి పంపేస్తారు. మీరు అలా పంపనివ్వకండి. ప్రైమరీలో 30 మందికి ఒక టీచరు ఉండాలని చట్టం షెడ్యూల్ చెబుతోంది. మీ బడిలో 45 మందికి ఒకరే ఉంటే ఆ మాట ప్రణాళికలో ఉండాలి. కాగితం మీద లేని కొరతని ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు పట్టించుకోదు.

మీ పాప చదువు కూడా ఇందులోకే వస్తుంది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవగలగాలని 2021లో కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ కార్యక్రమం కింద లక్ష్యం పెట్టుకున్నారు. మీ పాప ఐదుకి వచ్చింది. మార్కులూ గ్రేడూ అడగకండి. వచ్చే మీటింగులో రెండో తరగతి తెలుగు వాచకం తెప్పించి, ‘ఐదో తరగతిలో ఇది గడగడా చదివేవాళ్లు ఎంతమంది, చదవలేనివాళ్లు ఎంతమంది?’ అని అడగండి. పిల్లల పేర్లు మాత్రం అక్కడ చదివించకండి, వాళ్ల పరువు కూడా పరువే. ఆ సంఖ్య మినిట్స్‌లో రాయించి, మూడు నెలలకి మళ్లీ అడగండి. రోజూ ఓ అరగంట వెనకబడిన పిల్లలకి కేటాయించమని తీర్మానం చేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

సిలబస్ మార్చడం, టీచర్ని బదిలీ చేయడం మీ చేతిలో లేవు. వాటిమీద వాదించి శక్తి పోగొట్టుకోకండి. మధ్యాహ్న భోజనం మాత్రం మీరు చూడాల్సిందే. చెప్పకుండా వెళ్లి ఓ రోజు పిల్లలతోపాటు తిని రండి.

మీటింగు ఉదయం 11 గంటలకి పెడితే బేరం వదులుకుని ఎవరొస్తారు? సాయంత్రానికి మార్చమని మొదటి తీర్మానం అదే చేయండి.

ప్రశ్న: మా అబ్బాయి ఎంవీపీ కాలనీలో ఒక ప్రైవేట్ సీబీఎస్‌ఈ స్కూల్లో చదువుతున్నాడు. మాకు ఇలాంటి కమిటీ లేదా?
— ఒక తండ్రి

జవాబు: ప్రభుత్వ సాయం తీసుకోని స్కూళ్లకి 21వ సెక్షన్ వర్తించదండీ. కానీ సీబీఎస్‌ఈ నియమాల ప్రకారం స్కూల్ మేనేజింగ్ కమిటీలో ఇద్దరు తల్లిదండ్రులు ఉండాలి. మీ స్కూల్లో ఆ ఇద్దరెవరో, వాళ్లని ఎలా ఎంచారో ప్రిన్సిపాల్‌కి మెయిల్ పెట్టి అడగండి. నోటిమాటగా అడిగితే చూద్దామంటారు.