నాలుగు కాదు అబ్బయ్యా, అయిదు

పొదిలి,
ఆదివారం రాత్రి

అబ్బయ్యా,

నిన్న పొద్దుపోయాక మీ అమ్మ ఫోను చేసింది. వానలు, పంటలు, ఆమె మోకాళ్ల నొప్పులు అన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "వీడు ఆ థార్ జీపుని మూడంగుళాలు పైకి లేపించాడురా తమ్ముడూ, నేనెక్కాలంటే పీట వేసుకోవాల్సొస్తా ఉంది. ఇప్పుడు ఇంకా పెద్ద టైర్లు వేయిస్తాడంట, నువ్వన్నా చెప్పు" అంది. చెప్తాలే అక్కా అని పెట్టేసి, నువ్వు పంపిన ఫోటో తీసి మళ్లీ చూసుకున్నా. అబద్ధమెందుకు, బండి బాగుంది. పొద్దున నా టైర్ల కొట్టుకి వచ్చిన ట్రాక్టరోళ్లకి కూడా చూపించా, మా మేనల్లుడిది అని. ఈ వయసులో కూడా ఎచ్చులు పోలా నాకు.

కానీ రాత్రి నిద్ర పట్టలా. బండి ఎత్తు సంగతి కాదు. "నాలుగు టైర్లకి ఎంతవుద్దో మామయ్యని అడగమన్నాడు" అంది మీ అమ్మ. ఆ నాలుగు దగ్గరే ఆగిపోయా. ఎందుకో తర్వాత చెప్తా. ముందు నువ్వడిగినదానికి జవాబు.

టైరు కొనేముందు నీ తిరుగుడు లెక్క వేసుకో. నెలలో ముప్పై రోజులుంటే ఇరవై ఆరు రోజులు నెల్లూరులో ఇంటికీ ఆఫీసుకీ మధ్య, లేకపోతే హైవే మీద కావలి, ఒంగోలు. ఒకటో రెండో ఆదివారాలు మైపాడు సముద్రం ఒడ్డున ఇసక. ఏడాదికి రెండుసార్లు వెలిగొండల వైపు. దీనికి దిమ్మలు దిమ్మలుగా ఉండే మడ్ టైర్లెందుకురా? అవి తారు మీద తుమ్మెదల గుంపు వెంటపడినట్టు రొద పెడతాయి, బిన్నా అరుగుతాయి. తడి రోడ్డు మీద బ్రేకు తొక్కితే మామూలు టైరంత తొందరగా ఆగవు. కార్తీకంలో ముసురు పట్టినప్పుడు హైవే మీద నీ ముందు పోయే లారీ ఉన్నట్టుండి ఆగితే అప్పుడు తెలుస్తాది. నీకు కావల్సింది తారుకీ మట్టికీ రెండిటికీ పనికొచ్చే ఆల్ టెరైన్, ఏటీ అంటారే, అవి. రేగడిలో మడ్ టైరే మేలు కదా మామా అంటావేమో. ఒప్పుకుంటా. కానీ మన కందుకూరు వైపు నల్లరేగడి రెండు వానలు తాగిందంటే ఎద్దులే కాళ్లు పీక్కోలేక నిలబడిపోతాయి. అట్టాంటి రోజు అక్కడికి పోకపోవడమే తెలివి. ఇసకలో అయితే మడ్ టైరు బావి తవ్వినట్టు తవ్వుకుంటా కిందికి పోతాది.

ఇక సైజు. ఇక్కడ కుర్రోళ్లంతా ఒక్కచోటే బోల్తా పడతారు. బండి లేపించావు, సరే. లేచింది బాడీ. చక్రాల మధ్య, ఇంజను బలాన్ని రెండు పక్కలకీ పంచే డిఫరెన్షియల్ గుండు ఉందే, వెనక ఇరుసుది, అది ఉన్నచోటే ఉంది. బండరాయి ముందు తగిలేది దానికే. దాన్ని పైకి లేపేది టైరొక్కటే, అది కూడా టైరు పెరిగినదాంట్లో సగమే. నీ బండికొచ్చినవి 245/75 ఆర్ 16. లెక్క కట్టుకో. 245 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. టైరు పక్క ఎత్తు అందులో నూటికి 75, అంటే 184 మిల్లీమీటర్లు, అది పైనా కిందా రెండు మార్లు, దానికి పదహారంగుళాల రిమ్ము 406 కలుపు. మొత్తం 774. 265/75 వేస్తే 804, 285/75 వేస్తే 834. అంటే నువ్వు మోజు పడుతున్న ఆ పెద్ద టైరుతో గుండు పైకి లేచేది ముప్పై మిల్లీమీటర్లు, చిటికెన వేలి రెండు కణుపులంత. దానికి బదులుగా పికప్ పోతాది, క్లచ్ మీద బరువు పడతాది, బ్రేకు కూడా ముందంత పట్టదు. మీటరు 80 చూపించేటప్పుడు నువ్వు పోయేది 86. 265 వేసుకో, చాలు. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి, ఒక చక్రాన్ని ఎత్తు మీదకి ఎక్కించి, యాడన్నా రాసుకుంటుందేమో చెయ్యి పెట్టి చూడు. రాసుకుంటే ఆ సైజు నీది కాదు. టైరు బయటికి కనపడాలని చక్రాన్ని బయటికి నెట్టే బిళ్లలు, స్పేసర్లంటారే, అవి మాత్రం పెట్టొద్దు, బేరింగులు తింటాయి.

చిన్నచిన్నవి ఒక్కో మాటలో చెప్తా. లేపించిన బండికి ముందు అలైన్‌మెంట్ చేయించు, లేకపోతే కొత్త టైర్లు ఒకపక్కే గీసేసుకుపోతాయి. బరువు అంకె కంపెనీ టైరుకున్నదానికి తగ్గొద్దు, 112 అంటే ఒక్కో టైరు 1120 కేజీలు మోస్తుందని. టైరు పక్కన అచ్చులో చివరి నాలుగంకెలు చూడు, 2324 అంటే 2024లో ఇరవైమూడో వారం తయారైందని. దిమ్మలెంత నిండుగా ఉన్నా అయిదారేళ్ల టైరు నాకొద్దు అని చెప్పు. బండి మార్పుల మీద మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది. ఇన్సూరెన్సు వాళ్లు రేపు ఏదన్నా అయితే ముందు వెతికేది దాన్నే. లేపించకముందు నన్నడిగి ఉంటే ఆ మాటే చెప్పేవాణ్ణి. అడగలా. పోనీలే.

ఇప్పుడు ఆ నాలుగు సంగతి.

1995, కార్తీక మాసం. నువ్వింకా పుట్టలేదు, మీ అమ్మా నాన్నల పెళ్లయ్యి ఏడాది కూడా కాలేదు. అప్పుడు నాకొక పాత మహీంద్రా 540 జీపు ఉండేది. మార్కాపురంలో పలకల గనుల వాళ్లకి బాడుగకి తిప్పేవాణ్ణి. అందరి జీపులకీ 6.00-16 టైర్లు. నాది మాత్రం ఎత్తుగా కనపడాలని అప్పు చేసి 7.00-16 వేయించా. నాలుగే. కొట్టాయన "స్టెపినీకి కూడా తీసుకోవయ్యా" అంటే నవ్వా. వెనక వేలాడేదానికి డబ్బులు దండగ అన్నా. పాత చిన్న టైరే స్టెపినీగా ఉండిపోయింది.

మీ నాన్న పండక్కి వచ్చున్నాడు. కొత్త బావ, పైగా పట్నంలో చదివినోడు. ఆయన ముందు నా జీపు ప్రతాపం చూపించకపోతే నాకు నిద్ర పడుతుందా? గని మీదకి తీసుకెళ్లా. పలక రాయి నువ్వు బళ్లో పట్టుకున్న పలకగానే చూసుంటావు. గనిలో పారేసిన ముక్కలు చూడాలి. కత్తుల్లాగా అంచుల మీద నిలబడుంటాయి. దిగేటప్పుడు ముందు ఎడమ చక్రం కింద చర్రుమంది, గుడ్డ చింపినట్టు. దిగి చూస్తే సైడ్‌వాల్ జానెడు తెగింది. టైరు పైన దిగిన మేకుకి పంక్చరేస్తాం, పక్క తెగినదానికి ఎవడూ ఏమీ చెయ్యలేడు. ఇవాళ్టికీ అంతే.

జాకీ ఎక్కించి స్టెపినీ వేశా. మీ నాన్న రెండు టైర్లూ పక్కపక్కన నిలబెట్టి చూసి, "ఇది రెండు మూడు వేళ్లు పొట్టిగా ఉందే" అన్నాడు. ఏం కాదు బావా, ఊళ్లోకే కదా అన్నా. కింద వాగు దాటాలి కాబట్టి నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందించే ఫోర్ బై ఫోర్ లివరు వేసే ఉంచా. వాగు దాటాం, తారు రోడ్డు ఎక్కాం. లివరు వెనక్కి లాగితే రాదే! పిడికిలితో కొట్టా, కాలితో తన్నా. రాలా. స్టీరింగ్ ఎవరో అవతల పట్టుకు లాగుతున్నట్టు బిగుసుకుపోయింది, ముందు చక్రాలు కీచు కీచుమంటున్నాయి. ఇంటికి పోయాక చూసుకుందాంలే అనుకున్నా. ఆ 'లే' ఉంది చూడు అబ్బయ్యా, అదే నా కొంప ముంచింది. కల్వర్టు ముందు రోడ్డు కుడికి తిరుగుద్ది. నేను తిప్పా. చక్రాలు తిరిగాయి, జీపు తిరగలా. చీపురుతో ఊడ్చినట్టు ముందు చక్రాలు రోడ్డుని గీసుకుంటా నేరుగా పోయి కాలవలో ఎడమ పక్కకి ఒరిగింది. వేగం ముప్పై కూడా లేదు. కానీ తలుపులు లేని జీపు, బెల్టుల్లేవు. మీ నాన్న కిందపడ్డాడు, టాపు కడ్డీ ఆయన కుడి భుజం మీద పడింది.

ఎందుకట్టా అయిందో అప్పుడు తెలీదు. లివరు వేసినప్పుడు ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకదానికొకటి కట్టేసినట్టు ఒకే వేగంతో తిరగాలి. పొట్టి టైరు అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి. మట్టిలో, కంకర మీద ఆ తేడా జారి సర్దుకుపోతాది. తారు మీద జారేదానికి వీల్లేక పళ్ల చక్రాల్లో బిగుసుకుని లివరుని పట్టేస్తాది. తర్వాత కనిగిరిలో ఒక ముసలి మెకానిక్ చెప్పాడు, "పది గజాలు రివర్స్ పోనిచ్చుంటే లివరు దానంతటదే ఊడొచ్చేది కదరా" అని. పది గజాలు! ఇన్నేళ్లయినా ఆ కల్వర్టు మీదుగా పోయినప్పుడల్లా నా చెయ్యి తెలీకుండానే గేరు మీదకి పోతాది.

నీకు మీ నాన్న వేపచెట్టు మీద నుంచి పడ్డానని చెప్పుంటాడు. మా నాన్నకి కూడా అదే చెప్పాడు, మేకలకి రెమ్మలు కొడతా పడ్డానని. నిజం చెప్తే మా నాన్న ఆ రోజే జీపు అమ్మేసి నన్ను కొట్టేవాడు. మా నాన్న పోయేదాకా అదే నమ్మాడు. మీ అమ్మకి తెలుసో తెలీదో నాకు తెలీదు, నేనెప్పుడూ అడగలా. నిన్నెప్పుడూ ఎడమ భుజం మీదే ఎక్కించుకునేవాడు, గుర్తుందా? ఇప్పటికీ దండెం మీద తుండుగుడ్డ తియ్యాలంటే ఎడం చెయ్యే లేపుతాడు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా నన్ను మాటనలేదు మనిషి.

అందుకని అయిదు. ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే రకం, అయిదూ ఒకేసారి. ఎనిమిది వేల కిలోమీటర్లకోసారి స్టెపినీని కూడా కలిపి అయిదింటినీ మార్పిడి చేయించు, అప్పుడు అన్నీ సమానంగా అరుగుతాయి. నీ బండికి స్టెపినీ వెనక తలుపుకే ఉంటాది కాబట్టి పెద్ద టైరు వేశాక ఆ కీళ్లూ బోల్టులూ చూపించు. ఎండిన తారు మీద ఫోర్ బై ఫోర్ వెయ్యొద్దు. ఎప్పుడన్నా లివరు బిగిస్తే, ఏం చెయ్యాలో ఇందాకే చెప్పా.

గాలి సంగతి మర్చిపోయా. మైపాడు ఇసకలోకి దిగేముందు గాలి 18 పీఎస్‌ఐకి దించు. ఇరుక్కుంటే 16. అంతకన్నా దించితే మలుపులో టైరు రిమ్ము వదిలేస్తాది. దించితే టైరు కింద పాదం చాపినట్టు వెడల్పవుతాది, ఇసక మీద తేలతాది. మీ నానమ్మ ఇసకలో నడిచేటప్పుడు చెప్పులు తీసి చేత పట్టుకునేది చూడు, అదే లెక్క. తిరిగి తారెక్కేముందు గాలి నింపాలి, డోరు దగ్గర చీటీ మీద ఎంతుంటే అంత. అరగాలితో హైవే మీద 90 పోతే టైరు పక్కలు ఉడికిపోతాయి. పంపు బండిలోనే ఉంచుకో, మీటరు కూడా. చేత్తో కొట్టి చూసి గాలి చెప్పేవాళ్లని నమ్మొద్దు, ముప్పై ఏళ్ల నుంచి టైర్లు తడుముతున్నా నాకే తెలీదు. సముద్రం నీళ్లు తగిలిన రోజు ఇంటికి రాగానే కింద అంతా మంచినీళ్లతో కడుగు.

ఎత్తు పెరిగిన బండి మలుపులో ఇంతకుముందులా ఉండదు. ఇది నీకు తెలుసు. తెలుసని తెలిసే రాస్తున్నా, తిట్టుకోకు.

శనివారం సాయంత్రం బయల్దేరి రా. 265/75 ఏటీ టైర్లు ఒంగోలు నుంచి తెప్పిస్తున్నా. పొద్దున్నే నేనే దగ్గరుండి ఎక్కిస్తా, బ్యాలెన్సింగ్ కూడా ఇక్కడే. నాలుగింటికి డబ్బులివ్వు. అయిదోది నాది. వచ్చేటప్పుడు మీ నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టుకునిరా, బెల్టు నువ్వే పెట్టు, ఆయనకి కుడి చెయ్యి వెనక్కి పోదు.

మీ అత్త చేపల పులుసు పెడతానంటా ఉంది.

మీ మామయ్య