సమాధానం: "ఈ బతుకుకి అర్థమేంటి" అన్న ఆలోచన ఆగట్లేదు

తమ్ముడూ, రాత్రి రెండింటిదాకా "అసలు ఈ బతుకెందుకు" అంటూ ఫోన్‌లో ప్రవచనాలు వెతుకుతున్నానన్నావు. అది వెతికితే తీరేది కాదు. ఏ జవాబొచ్చినా దాని మీద ఇంకో "ఎందుకు" వేయొచ్చు. బాణం దిగినవాడు అది వేసిందెవరో తేలేదాకా పీకనివ్వనంటే ప్రాణం పోతుందని బుద్ధుడు చెప్పింది ఇందుకే.

బలవంతంగా అణచకు, రెట్టింపై వస్తుంది. దానికో వేళ పెట్టు: సాయంత్రం ఆరున్నరకి పావుగంట, కాగితం మీదే. వేరే టైంలో గుర్తొస్తే ఒక్క ముక్క రాసి వదిలెయ్. మొదటి వారం చాలాసార్లు తప్పుతావు, ఫర్వాలేదు. ఫోన్ చేతిలో ఉంటే మాత్రం మొత్తం చెడుతుంది, రాత్రి దాన్ని వేరే గదిలో ఛార్జింగ్ పెట్టు.

పావుగంట అవగానే చేతులకి పని కావాలి. పటమట రైతుబజార్‌కి నడిచెళ్లి రెండు కట్టలు గోంగూర తెచ్చుకో. ఆకు వేరు, కాడ వేరు, పుచ్చు వేరు. ఎర్ర కాడ దగ్గర గోరు దిగినప్పుడు వచ్చే ఆ పుల్లటి వాసన మీదే ధ్యాస పెట్టు. అలా కూర్చుంటే బుర్ర దానంతటదే నెమ్మదిస్తుంది.

పడుకోబోయే ముందు "రేపు నా అవసరం ఎవరికి?" అని ఒక్క లైను: పేరు, పని, టైం. "అమ్మకి మందులు, ఏడింటికి" చాలు.

రెండు వారాలుగా నిద్రాకలి లేకపోయినా, చచ్చిపోవాలనిపించినా దాన్ని తత్వచింతన అనుకుని కూర్చోకు. ఇవాళే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి. ఉచితం, 24 గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.