పర్లాకిమిడి మేనల్లుడికి, భూకంపం వచ్చిన మూడో రోజున

బరంపురం,
30 మార్చి 2025, ఉగాది

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఉగాది పచ్చడి గిన్నె పక్కన పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో చెబితే సగం మరచిపోతావు. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతాను. పొద్దున నువ్వు ఒక్క గుక్కలో రెండు సంగతులు చెప్పావు. మీ వీధి అబ్బాయి బ్యాంకాక్‌కు కట్టడం పనికి వెళ్లాడు, శుక్రవారం నుంచి ఫోను ఎత్తడం లేదు. రెండోది, మీ కుర్రాళ్లంతా బర్మా (మయన్మార్) భూకంప బాధితుల కోసం పాత బట్టలు పోగు చేస్తున్నారు. మొదటి పని ఇప్పుడే మొదలుపెట్టు. రెండోది ఈ పూటకు ఆపు.

శుక్రవారం మన గడియారంలో 11:50కి బర్మాలోని మాండలే దగ్గర 7.7 తీవ్రతతో భూమి కంపించింది. దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరాన బ్యాంకాక్‌లో కడుతున్న ముప్పై అంతస్తుల పైచిలుకు భవనం కూలింది. టీవీలో ఆ కూలడమే తిప్పి తిప్పి చూపిస్తున్నారు. అబ్బాయి పనిచేసేది ఆ భవనంలోనే అని ఎవరైనా చెప్పారా? లేదు కదా. వాళ్లమ్మ టీవీ ముందు కూర్చుని ఉంటే ముందు ఆ టీవీ కట్టేయించు. మీ ముత్తాత 1942లో బర్మాలోని రంగం (రంగూన్, ఇప్పటి యాంగోన్) నుంచి కాలినడకన ఇల్లు చేరేసరికి ఇక్కడ ఆయన దినాలు కూడా పెట్టేశారట. మా నాయనమ్మ ఆ కథ నవ్వుతూ చెప్పేది, నవ్వడానికి ఆమెకు ఎన్నేళ్లు పట్టిందో.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చినప్పుడు మీ పెద్దమ్మ ముక్తినాథ్ యాత్రలో ఉంది. నువ్వు చిన్నవాడివి, గుర్తుండకపోవచ్చు. రెండు రోజులు ఏ కబురూ లేదు. ఇంట్లో పదిమందిమి పది చోట్లకు ఫోన్లు చేశాం, ఒక్కొక్కరం ఒక్కో రకంగా పేరు చెప్పాం. నేను ఇంట్లో పిలిచే పేరు చెప్పాను, మీ నాన్న మన ఇంటిపేరుతో కలిపి చెప్పాడు. అసలు చిక్కు ఓటరు కార్డులో ఉంది. ఒడిశాలోని మన జిల్లాల్లో కాగితాల మీద మన పేర్లు ఒడియా ఉచ్చారణతో ఎక్కుతాయి, ‘వ’ కాస్తా ‘బ’ అవుతుంది. వాసుదేవరావు అక్కడ బాసుదేబ రావు. మేము జాబితాల్లో ‘వ’ కింద వెతుకుతుంటే ఆమె పేరు ‘బ’ కింద ఉంది. చివరికి మూడో రోజున బస్సు క్లీనరు ఫోను నుంచి ఆమే మాట్లాడింది. మొదటి మాట, ‘ఇక్కడ టీ ఏమీ బాగులేదు’ అని.

అందుకని ముందు వాళ్లింట్లో పాస్‌పోర్టు జిరాక్సు వెతికించు. ఒక తెల్లకాగితం మీద పాస్‌పోర్టులో ఉన్నట్లే పేరు, అదే అక్షరాలతో ఇంగ్లీషులో రాయి. పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, అక్కడి ఫోను నంబరు, పని ఇచ్చిన కంపెనీ, పంపించిన ఏజెంటు, గదిలో ఉండే తోటివాళ్ల నంబర్లు, చివరిసారి ఎప్పుడు మాట్లాడాడో, ఏ బట్టల్లో ఉన్నాడో తెలిస్తే అదీ. ఇంటి నుంచి ఒక్కరే మాట్లాడాలి, ఆ ఒక్కరూ నువ్వే. బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయం వాళ్ల సొంత పేజీలో ఉన్న అత్యవసర నంబరుకే ఫోను చెయ్యి, వాట్సాప్‌లో తిరిగే నంబర్లు వద్దు. విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేసి ఆ సంఖ్య రాసి పెట్టుకో. అబ్బాయి టూరిస్టు వీసా మీద వెళ్లాడేమోనని వాళ్ల నాన్న భయపడి వివరాలు దాస్తాడు, చూసుకో. ఇప్పుడు దాచాల్సిన సమయం కాదు.

నేను టెలిగ్రాఫ్ ఆఫీసులో 31 ఏళ్లు మాటలు లెక్కపెట్టి బతికినవాణ్ణి. 2013లో టెలిగ్రాం ఆపేశారు కానీ ఆ అలవాటు ఇలాంటప్పుడు పనికొస్తుంది. లైన్లు కిక్కిరిసినప్పుడు మాటలు పోకపోయినా చిన్న ఎస్సెమ్మెస్ పోతుంది. ‘క్షేమమా. అవును అని పంపు. ఫోను చేయకు, చార్జింగు దాచుకో.’ ఇంతే పంపు. పదిమందీ గంట గంటకూ ఆ నంబరుకు కొడితే ఉన్న బ్యాటరీ కూడా చచ్చిపోతుంది. ఇంకొకటి, 66తోనో (థాయ్‌లాండ్ కోడ్) 95తోనో (బర్మా కోడ్) మొదలయ్యే తెలియని నంబరు నుంచి ‘మీవాడు ఆసుపత్రిలో ఉన్నాడు, వెంటనే డబ్బు పంపండి’ అని ఎవరైనా అంటే, వాళ్లింటి ఆవు పేరు అడుగు. చెప్పలేకపోతే పెట్టేయి.

ఇక బట్టల సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు నువ్వు హైస్కూల్లో ఉన్నావు. మీ గజపతి జిల్లాలోనే కొండచరియలు విరిగిపడ్డాయి, వంశధార పొంగింది. నేను కాశీనగర్ వైపు ఒక బడిలో నాలుగు రోజులు మూటలు విప్పాను. ఎక్కడి నుంచో లారీలో వచ్చిన మూటలు. ఒకదాంట్లో ఎడమ కాలి చెప్పులు మూడు, హుక్కులన్నీ ఊడిన జాకెట్టు, ఉన్ని కోటు. కోటు! తడిసిన మూటలు రెండో రోజుకే ముక్కిపోయిన వాసన కొట్టాయి. బయట జనం అడుగుతున్నది టార్పాలిన్లు, తాడు, కొవ్వొత్తులు, మంచినీళ్లు. మూటలు దాచడానికే రెండు గదులు పోయాయి, ఆ గదుల్లో మనుషులు పడుకోవలసింది. పంపినవాళ్ల మనసు మంచిదే, కాదనను. నాకు మాత్రం ఆ రోజు వాళ్ల మీద ఒళ్లు మండింది.

సముద్రం ఇవతలి మనకే ఇలా అయితే మాండలేకు మీ మూటలు ఎవరు మోస్తారు? ప్రభుత్వం ఆపరేషన్ బ్రహ్మ పేరుతో శనివారమే వాయుసేన విమానంలో 15 టన్నుల సామాను యాంగోన్‌కు పంపింది. గుడారాలు, దుప్పట్లు, మందులు అలాంటి దారుల్లోనే వెళ్తాయి. మీరు చేయగలిగింది డబ్బు. పోగైనది మీ సంఘంలో ఎవరి సొంత ఖాతాలోనూ వేయకండి, స్నేహాలు చెడతాయి. కలెక్టరు ఆఫీసుకు వెళ్లి రెడ్‌క్రాస్ జిల్లా శాఖ వాళ్లను అడిగి, మయన్మార్ సాయం కోసమే అని రాయించి, చెక్కు ఇచ్చి రసీదు తీసుకోండి. పన్ను మినహాయింపు చూసుకునేవాళ్లుంటే, రెండు వేలు దాటి నగదుగా ఇస్తే 80జి కింద రాదని చెప్పు. అట్టముక్క మీద అంటించిన క్యూఆర్ కోడ్ చూపించి అడిగేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకు.

రక్తదాన శిబిరం అన్నావు. ఆ రక్తం బర్మాకు వెళ్లదు. అయినా పెట్టండి, ఎండాకాలంలో మన ఆసుపత్రిలోనే నిల్వ తగ్గుతుంది. కానీ బ్యానరు మీద బర్మా పేరు వేయకండి.

ఇప్పటికే పోగైన బట్టలు ఉతికించి, చిరిగినవి తీసేసి, ఊళ్లోనే కావలసినవాళ్లకు ఇవ్వండి. అమ్మకు చెప్పు, పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందని ఇక్కడ మీ అత్త నన్నే అంటోంది.

పాస్‌పోర్టు జిరాక్సు దొరకగానే ఫొటో తీసి పంపు. పేరులో అక్షరాలు నేను ఒకసారి చూస్తాను. పది గంటల దాకా మేలుకునే ఉంటాను.

మీ మామయ్య