పబ్ సంగతి తర్వాత, ముందు ఆ ఎకరం సంగతి చెప్పు

ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూళ్లో ఉంటున్న ఒక చెల్లెలు సలహా అడుగుతూ నాకు రాసిన ఉత్తరం ఇది. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క పబ్ మూతబడితే వాళ్లాయన, గుంటూరులో బిల్డర్‌గా చేసే బావగారు, అంటే వాళ్లాయన అన్న, కలిసి కొన్నారు, ఆరు ఫ్లాట్లు చేసి అమ్ముదామని. ఊరు ఊరంతా అభ్యంతరాలు రాసింది, కౌన్సిల్ పర్మిషన్ ఇవ్వనంది. రాసినవాళ్లలో రోజూ పాపని స్కూల్ నుంచి తీసుకొచ్చే పక్కింటి పెద్దావిడ కూడా ఉంది. "అప్పీలుకి వెళ్లాలా? ఆవిడతో మాటలు మానేయాలా? మేం ఇండియన్స్ అనే కదా ఇదంతా?" అని అడుగుతోంది.

చూడమ్మా, అప్పీలు సంగతి నన్నడిగితే ఏం లాభం, ప్లానింగ్ తెలిసిన మనిషిని అడుగు, కాదన్నరోజు నుంచి ఆర్నెల్లు గడువుంటుంది, కొంపలేం మునిగిపోవు. ఇండియన్స్ అనా అంటే, ఆ బుద్ధి ఉన్నవాళ్లు ఒకరిద్దరు ఉంటే ఉంటారు, లేరని నేననను. కానీ అక్కడ పబ్ జోలికెళ్తే తెల్లవాడికైనా ఇదే మర్యాద. 2017 మే నుంచి ఇంగ్లండ్‌లో పబ్‌ని ఇంకోదానికి మార్చాలన్నా కూల్చాలన్నా ప్లానింగ్ పర్మిషన్ తప్పనిసరి. 2011లో వచ్చిన లోకలిజం చట్టం కింద ఊరివాళ్లు దాన్ని ఊరి ఆస్తిగా లిస్టులో పెట్టించుకోవచ్చు, పెడితే ఐదేళ్లుంటుంది. పబ్‌గా నడవదు అని చూపించాలంటే సరైన ధరకి చాలా నెలలు అమ్మకానికి పెట్టి ఎవరూ రాలేదని రుజువులివ్వాలి. మీవాళ్లు కొన్న రేటుకి దాదాపు రెట్టింపు చెప్పి ఆరు వారాలు బోర్డు పెట్టి తీసేశారని నువ్వే రాశావు. ఇంక కౌన్సిల్‌ని తిట్టి ఏం లాభం?

"మన ఊళ్లల్లో ఆడవాళ్లు బెల్టు షాపు మూయించమని ధర్నా చేస్తారు, వీళ్లేంటి తెరవమంటారు" అని మీ ఆయన నవ్వుతున్నాడట. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది మగాళ్ల కూలి డబ్బులు ఇంటికి చేరట్లేదని, పిల్లల కంచాల్లో అన్నం లేదని. మావారి ఉద్యోగం వల్ల నేనూ నాలుగేళ్లు ఆ దేశంలో ఉన్నా, మా వీధి చివరి పబ్‌లో ఆదివారం మధ్యాహ్నం ముసలాళ్లు భోజనానికి కూర్చునేవాళ్లు, గ్లాసు ముట్టని నేను కూడా మా పిల్లాడితో వెళ్లేదాన్ని. మీ పక్కింటావిడ అభ్యంతరంలో ఏం రాసిందో నువ్వే కాపీ చేసి పంపావు, "మా ఆయన్ని పూడ్చి వచ్చాక అందరం అక్కడే కూర్చున్నాం" అని. అర్ధరాత్రి కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ ఒక్క లైను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదన్నావు. ఆవిడ మీద నీకు కోపం లేదమ్మా, ఉంటే అన్నిసార్లు చదవవు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. నాలుగు పేజీల ఉత్తరంలో చివరి పేజీ అడుగున ఒక్క ముక్క రాశావు, "మా అమ్మ పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం కూడా అమ్మి దీంట్లోనే పెట్టాం" అని. పెట్టాం అంటే ఎవరు పెట్టారు? బావగారు ఫోన్ చేశారు, మీ ఆయన సరే అన్నయ్యా అన్నాడు, నువ్వు అమ్మే అధికారం రాసిచ్చే జీపీఏ మీద సంతకం పెట్టావు, అంతే కదా? పబ్ పేపర్లలో నీ పేరుందో లేదో కూడా తెలీదంటున్నావు, చదువుకున్నదానివి, ఉద్యోగం చేస్తున్నదానివి, నాకు నిజంగా ఒళ్లు మండింది.

అన్నయ్య చదివించాడు, వీసా డబ్బులిచ్చాడు, ఎదురు చెప్పలేడు అంటావు. ఆ రుణం మీ ఆయనది, తీర్చుకోనీ, తన జీతంలోంచి తీర్చుకోమను. మీ అమ్మ పొలం పెట్టి తీర్చడానికి ఆయనకేం హక్కుందమ్మా? తల్లిలాంటి వదిన, తండ్రిలాంటి అన్న, అన్నీ నిజమే, నేనూ అలాంటి ఇంట్లోనే ఉమ్మడిగా ఉన్నా, కానీ మా అత్తగారు కూడా కోడళ్ల పుట్టింటి సొమ్ము జోలికి ఏరోజూ వెళ్లలేదు.

పైగా మీ బావగారు ఇప్పుడు "లోపల్లోపల పని మొదలెట్టండి, తర్వాత చూస్కోవచ్చు" అంటున్నారట, మన దగ్గర పర్మిషన్ లేకుండా కట్టి తర్వాత డబ్బు కట్టి సర్దుకున్నట్టు అనుకున్నారేమో. లండన్‌లో కార్ల్‌టన్ టావెర్న్ అని ఒక పబ్‌ని 2015లో పర్మిషన్ లేకుండా కూల్చేస్తే, ఇటుకతో సహా ఎలా ఉందో అలాగే మళ్లీ కట్టమన్నారు, కట్టారు కూడా, 2021లో తెరిచారు. అలాంటి నోటీసు వస్తే గుంటూరులో కూర్చున్నాయన కంటే ముందు అక్కడే ఉన్న మీ ఆయనే జవాబు చెప్పుకోవాలి.

ఈ శనివారం మీ ఆయన్ని కూర్చోబెట్టి కాగితాలన్నీ టేబుల్ మీద పెట్టమను, అప్పెంత, ఎవరి పేరు మీద, మీరుంటున్న ఇల్లు తాకట్టులో ఉందా అన్నీ అడుగు. అరుస్తాడు, అరవనీ. నీకంటూ వేరే లాయర్ని, అదే అక్కడి సొలిసిటర్‌ని పెట్టుకో, వాళ్ల సొలిసిటర్ కాదు. పబ్‌ని లిస్టులో పెట్టారో లేదో కౌన్సిల్లో కనుక్కో, పెట్టి ఉంటే మీరు అమ్ముతామని కౌన్సిల్‌కి చెప్పగానే ఊరివాళ్లకి ఆరు వారాలిస్తారు, వాళ్లు కొంటామంటే మొత్తం ఆర్నెల్లు ఆగుతారు డబ్బు పోగేసుకోడానికి. కొనాలనే కమిటీ వేసుకున్నారని నువ్వే రాశావు, అమ్మి నీ ఎకరం డబ్బు వెనక్కి తెచ్చుకో, లాభం లేకపోయినా సరే. బావగారికి ఈ మాట మీ ఆయన చెప్పలేకపోతే నువ్వే ఫోన్ చెయ్, మర్యాదగానే, అండీ అంటూనే చెప్పు.

పక్కింటావిడ కేక్ పంపిన డబ్బా నెలరోజుల్నించి నీ కిచెన్ గట్టు మీదే ఉందన్నావు కదా, ఇవ్వాలంటే మొహం చెల్లట్లేదని. ఖాళీ డబ్బా ఇవ్వకు, రెండు సున్నుండలు పెట్టి పట్టుకెళ్లు, పబ్ మాట ఆవిడ ఎత్తితేనే మాట్లాడు.