నానోసెకన్ల సినిమాకు గడియారం

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది మద్దిలపాలెం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టు కోసం, కణాలు పదార్థంలో ఎలా వెళ్తాయో లెక్కకట్టే జియాంట్4 సాఫ్ట్‌వేర్‌లో 10 సెంటీమీటర్ల మందం ఉన్న సీసం దిమ్మ మీదకు 1 గిగా ఎలక్ట్రాన్ వోల్టు శక్తి ఉన్న ఎలక్ట్రాన్‌ను పంపి, ఆ బొమ్మలతో చిన్న సినిమా చేశాను. కణాల దారులను చూపే గీతలన్నీ మొదటి నుంచే ఉన్నాయి, కెమెరా మాత్రం చుట్టూ తిరుగుతోంది. సెమినార్‌లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వచ్చే నెల జూనియర్లకు చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది. కణాలు కదులుతున్నట్టు ఎలా చూపాలి?

జవాబు: అమ్మా, ముందు కెమెరాను ఆపేయ్. ఆర్కే బీచ్‌లో అలను చూడాలంటే ఒక చోట నిలబడతాం. అలే మన వైపు వస్తుంది. నీ దిమ్మను పక్క నుంచి చూపించి, కదిలే పని కణాలకే వదిలిపెట్టు.

అసలు చిక్కు వేరే ఉంది. జియాంట్4 కణాలను కాలక్రమంలో నడపదు. ఒక కణాన్ని పట్టుకుంటే అది ఆగేదాకా లేదా బయటికి పోయేదాకా లెక్కకట్టి, ఆ తర్వాతే దాని నుంచి పుట్టిన వాటిని ఒక్కొక్కటిగా తీసుకుంటుంది. గీతలు గీసే వరుసనే రికార్డు చేస్తే కాలం ముందుకీ వెనక్కీ దూకుతుంది. కాబట్టి ప్రతి అడుగుతో పాటు సమయాన్నీ దాచమని చెప్పాలి. గీతలను దృశ్యంలో చేర్చే ఆదేశం చివర 'రిచ్' అనే మాట పెట్టు. గీతలను సమయాన్ని బట్టి ముక్కలు చేసే 'టైమ్ స్లైస్ ఇంటర్వల్' కూడా ఇవ్వు. తర్వాత, బొమ్మను తెర మీద చూపే ఓపెన్‌జీఎల్ వ్యూయర్‌లో మొదలు సమయం, చివరి సమయం ఇచ్చి, రెండింటినీ కొంచెం కొంచెంగా జరుపుతూ ఒక్కో ఫ్రేమ్ దాచుకో. ఆ రెండింటి మధ్య ఎడం ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ జరిపే సమయానికి పది రెట్లు ఉండనీ. అప్పుడు కణానికి తోక వస్తుంది, కదలిక కంటికి తెలుస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. కాంతి నానోసెకనులో దాదాపు 30 సెంటీమీటర్లు వెళ్తుంది. 10 నానోసెకన్లను 10 సెకన్లుగా సాగదీస్తే కాలాన్ని 100 కోట్ల రెట్లు నెమ్మది చేసినట్టు. అయినా సరే, సెకనుకు 24 ఫ్రేములు వేస్తే ఒక్కో ఫ్రేమ్‌కి కాంతి 1.25 సెంటీమీటర్లు జరిగిపోతుంది. సీసంలో రేడియేషన్ లెంగ్త్, అంటే ఎలక్ట్రాన్ తన శక్తిలో చాలా భాగం పోగొట్టుకునే సగటు దూరం, 0.56 సెంటీమీటర్లే. నీ ఎలక్ట్రాన్ తెచ్చే షవర్, అంటే ఒకదాని నుంచి ఒకటి పుట్టే కణాల జల్లు, బాగా ఎదిగేది మొదటి రెండు మూడు సెంటీమీటర్లలోనే. అంటే రెండు ఫ్రేముల్లో కథ అయిపోయింది! అందుకే సీసం లోపల ఇంకో 20 రెట్లు నెమ్మది చెయ్యి. దిమ్మ దాటడానికి 160 ఫ్రేములు, ఆరున్నర సెకన్లు పైనే వస్తాయి.

వేగం మార్చావని మాత్రం చూసేవాళ్లకు తప్పకుండా చెప్పాలి. ఒకసారి గాజువాకలో హైస్కూల్ పిల్లలకు ఇలాంటిదే చూపించాను. ఎనిమిదో తరగతి పాప లేచి, "మేడం, ఇది మా ఆటో కంటే నెమ్మదిగా వెళ్తోందేంటి?" అంది. పాప చూసింది చూసినట్టే అడిగింది. తెర మీద సమయం వేయకపోవడం నా తప్పు. ఆ రోజు నుంచి మూలన నానోసెకన్ల గడియారం, కింద ఒక సెంటీమీటరు కొలగీత లేకుండా నేను ఏ సినిమా బయట పెట్టలేదు. నువ్వూ పెట్టకు.

ఆకుపచ్చ గీతలు, అంటే గామా కిరణాల ఫోటాన్లు, తెరంతా కమ్మేస్తుంటే వాటిని ఫిల్టర్‌తో దాచు. బొమ్మ శుభ్రంగా కనిపించాలని రేంజ్ కట్‌ను, అంటే అంతకంటే తక్కువ దూరమే పోగల కొత్త కణాలను పుట్టించకుండా వదిలేసే హద్దును, మామూలుగా ఉండే 0.7 మిల్లీమీటర్ల నుంచి పెంచకు. అది బొమ్మను కాదు, లెక్కనే మారుస్తుంది. ర్యాండమ్ సీడ్, అంటే యాదృచ్ఛిక సంఖ్యలకు మొదలుపెట్టే అంకె, కూడా ఒకటే ఉంచు, మళ్లీ నడిపినప్పుడు అదే షవర్ రావాలి.

ఫ్రేములను పీఎన్‌జీలుగా 0001, 0002 అంటూ వరుస నంబర్లతో దాచి, బొమ్మలను వీడియోగా మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సాఫ్ట్‌వేర్‌తో కలుపు. పొడవు, వెడల్పు పిక్సెళ్లు సరిసంఖ్యలో ఉండాలి, పిక్సెల్ ఫార్మాట్ వైయూవీ420పీ అని ఇవ్వాలి. లేకపోతే కొన్ని ప్లేయర్లలో వీడియో ఆడదు.

జూనియర్ల కంటే ముందు ఇంట్లో మీ అమ్మగారికి చూపించు. ఆవిడ ఎక్కడ "ఆగు, ఏమైంది?" అంటారో, అక్కడ ఇంకొన్ని ఫ్రేములు చేర్చు.