ట్రిప్ అయిన బ్రేకర్‌ను మళ్లీ నొక్కకండి

ల్యాండింగ్ లైట్ వేస్తే మీ పాత చిన్న విమానం సెస్నా 172లో బ్రేకర్ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే సాధనం) ట్రిప్ అవుతోందని, మళ్లీ నొక్కితే కాసేపు నిలుస్తోందని, నిన్న కాలిన వాసన కూడా వచ్చిందని రాశారు. దయచేసి అది బాగయ్యేదాకా ఎగరకండి.

బ్రేకర్ ఉన్నది ముఖ్యంగా వైరును కాపాడటానికి. మళ్లీ నొక్కిన ప్రతిసారీ దెబ్బతిన్న వైరులోకి కరెంటు పంపుతున్నట్టే. 2007 జులైలో ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో సెస్నా 310 కూలి ఐదుగురు చనిపోయారు. ముందురోజే కాలిన వాసన వచ్చి పైలట్ వెదర్ రాడార్ బ్రేకర్ లాగేశారు, లోపం రాసిపెట్టారు కూడా. మరమ్మతు చేయకుండానే విమానాన్ని మళ్లీ పంపారు. ఆ బ్రేకర్‌ను తిరిగి నొక్కి ఉంటారని, దాంతో గాల్లోనే మంటలు వచ్చి ఉంటాయని దర్యాప్తులో అంచనా వేశారు. నాకు ఇది ఎప్పుడూ మనసులో మెదులుతూనే ఉంటుంది.

మీరు ఇప్పుడు బ్రేకర్‌ను మళ్లీ నొక్కకుండా వదిలి, ట్యాగ్ కట్టి, లాగ్‌బుక్‌లో రాయండి. మెకానిక్‌తో ముందుగా స్విచ్ విప్పించి చూడండి. పాత స్విచ్‌లలో కాంటాక్టులు అరిగి వేడెక్కుతాయి. తర్వాత ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) దాటేచోట, క్లాంపుల కింద, కంట్రోల్ కేబుళ్ల పక్కన వైరు ఒరుసుకుందేమో చూడాలి. స్విచ్, బ్రేకర్ పార్ట్ నంబర్లకు ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్‌లు (విమానయాన అధికారులు తప్పనిసరి చేసిన భద్రతా ఆదేశాలు) ఉన్నాయేమో వెతికించండి. ఎక్కువ ఆంపియర్ల బ్రేకర్ మాత్రం ఎవరు చెప్పినా వేయనివ్వకండి.