ఇల్లు మారడానికి ముందా, తర్వాతా?

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ట్రక్కు నడపడం నేర్చుకోబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెబుతూ ఏడ్చింది. నాకు మాత్రం ఛాతీ ఉప్పొంగింది. అమెరికా వచ్చిన మన పిల్లలందరూ కంప్యూటర్ల ముందే కూర్చోవాలని ఎక్కడా రాసిపెట్టలేదు. కానీ జనవరిలో కాపురం టెక్సాస్ నుంచి ఒహాయోకు మారుస్తున్నారట. నేర్చుకోవడానికి ఇచ్చే పర్మిట్ ఇప్పుడే టెక్సాస్‌లో తీసుకుని, లైసెన్సు పరీక్షకు ఒహాయోలో వెళ్తానన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. నేర్పే బడి పేరు ఫెడరల్ ప్రభుత్వ శిక్షణ సంస్థల జాబితాలో ఉందో లేదో చూసుకో. 2022 ఫిబ్రవరి 7 నుంచి ఆ జాబితాలో లేని బడిలో నేర్చుకున్నవాళ్లను డ్రైవింగ్ పరీక్షకు రానివ్వడం లేదు. పరీక్షకు గేర్ల బండి తీసుకెళ్లు. ఆటోమేటిక్ బండితో వెళ్తే గేర్ల బండి నడపకూడదని లైసెన్సు మీద రాస్తారు.

ఇక అసలు విషయం. సీడీఎల్ (పెద్ద ట్రక్కులు నడిపే లైసెన్సు) అయినా, దానికి ముందు తీసుకునే పర్మిట్ అయినా నీ స్థిర నివాసం ఉన్న రాష్ట్రమే ఇవ్వాలి. నివాసం మారితే లైసెన్సును మార్పించుకోవచ్చు, పర్మిట్ మాత్రం వెంట రాదు.

మా ట్రక్కుల యార్డులో గుంటూరు వైపు కుర్రాడు ఒకడు ఉండేవాడు. అచ్చం నీలాగే చురుకైనవాడు. పర్మిట్ తీసుకున్నాడు, బడి పూర్తి చేశాడు. ఈలోగా భార్యకు నెలలు నిండుతున్నాయని అత్తగారుండే రాష్ట్రానికి కాపురం మార్చాడు. పర్మిట్ మీద ఏడాది గడువు ఉంది కదా, తొందరేముంది అనుకున్నాడు. తీరా కొత్త ఊళ్లో పరీక్షకు వెళ్తే, మా రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ ఏదని అడిగి వెనక్కి పంపేశారు. మళ్లీ రుసుము, మళ్లీ రాత పరీక్షలు. కొత్త పర్మిట్ చేతికొచ్చాక 14 రోజులు ఆగితే గానీ డ్రైవింగ్ పరీక్షకు అర్హత లేదు. ఆ తర్వాత తేదీ దొరకడానికి ఇంకొంత కాలం. బడిలో పొందిన శిక్షణ రికార్డు మాత్రం కొత్త రాష్ట్రంలోనూ చెల్లుబాటైంది, అదొక్కటే ఊరట. ఈలోగా వాడికి ఇస్తామన్న ఉద్యోగం వేరేవాళ్లకు పోయింది. ఇంట్లో పసిబిడ్డ, చేతిలో జీతం లేదు. ఒక రాత్రి నాకు ఫోన్ చేసి, పాత ఊళ్లో స్నేహితుడి చిరునామా చూపించి అక్కడే పరీక్ష కానిచ్చేయనా అని అడిగాడు. గట్టిగా తిట్టాను. తప్పుడు వివరాలిచ్చినట్టు తేలితే కనీసం 60 రోజులు అనర్హుణ్ణి చేస్తారు. ఇన్సూరెన్సు భయంతో కంపెనీలూ దగ్గరికి రానివ్వవు. వాడు వినడంతో బతికిపోయాడు. నీకూ ఎవరో ఒకరు ఆ సలహా ఇస్తారు. చెవిన పెట్టావంటే ఊరుకోను.

కాబట్టి ఇలా చెయ్యి. బడి నాలుగైదు వారాలైనా పడుతుంది. ఈ వారమే మొదలుపెట్టి, డిసెంబరు మధ్యకల్లా టెక్సాస్ సీడీఎల్ చేతికి వచ్చేలా ఉంటే పూర్తి చెయ్యి. పరీక్ష తేదీ అంతలోపు దొరకదని తేలితే టెక్సాస్‌లో పర్మిట్ జోలికే వెళ్లకు. ఒహాయోలో స్థిరపడ్డాక మొదలుపెట్టు. నెల ఆలస్యమైనా కొంప మునగదు. సీడీఎల్‌తోనే వెళ్తే, కాపురం పెట్టిన 30 రోజుల్లోపు మార్పించుకో. హజ్‌మాట్ (ప్రమాదకర సరుకు మోసే అనుమతి) కూడా తీసుకుని ఉంటే దాని రాత పరీక్ష మళ్లీ రాయాల్సి రావచ్చు. శిక్షణ ఖర్చు మేమే పెట్టుకుంటామని ఏ కంపెనీ అయినా అంటే, సంతకానికి ముందే ఒహాయో వాళ్లను పనిలోకి తీసుకుంటారా అని అడుగు.

నిజం చెప్పనా, కాగితాల కంటే మంచు గురించే నా భయం ఎక్కువ. టెక్సాస్ పొడి రోడ్ల మీద నేర్చుకుని జనవరిలో ఒహాయోలో బండెక్కుతావు. వేల పౌండ్ల బరువు వెనక నుంచి నెడుతుంటే, జారే రోడ్డు మీద ఇంజన్ బ్రేకు (ఇంజన్‌తోనే వేగం తగ్గించేది) వేశావా, ముందు లాగే ట్రాక్టరు, వెనక సరుకున్న ట్రైలరు మడతపడిపోతాయి. రోడ్డు తడిగా మెరుస్తుంటే ఆ స్విచ్చి ఆపెయ్యి. ట్రైలరు తగిలించాక ఎంత చలిగా ఉన్నా కిందికి దిగు. టార్చి వేసి, వంగి, ఫిఫ్త్ వీల్ (ట్రాక్టరు మీద ట్రైలరును పట్టుకునే పలక) దవడలు కింగ్‌పిన్ (ట్రైలరు కింది ఇనుప మేకు) చుట్టూ మూసుకున్నాయో లేదో కళ్లారా చూడు. పైనా కిందా పలకల మధ్య సందు కనిపించకూడదు. క్లిక్‌మన్న చప్పుడు నమ్మి బయల్దేరకు నాయనా. మొదటి చలికాలం పక్కన అనుభవమున్నవాణ్ణి కూర్చోబెట్టే కంపెనీలోనే చేరు, జీతం తక్కువైనా సరే.

మన ఇంట్లో బీపీ ఉంది. మీ తాతయ్యకూ ఉండేది, నాకూ ఉంది. 140/90 లోపు ఉంటే సాధారణంగా రెండేళ్లకు మెడికల్ కార్డు (బండి నడపడానికి ఆరోగ్యం సరిపోతుందన్న పత్రం) ఇస్తారు, దాటితే ఆ గడువు కుదిస్తారు. ఆ వైద్య పరీక్షకు ముందు రాత్రి త్వరగా పడుకో, పొద్దున కాఫీ తాగకు. రీడింగ్ ఎంతొచ్చిందో మీ అమ్మకు కాదు, ముందు నాకు చెప్పు.

మీ మామయ్య